బీటెక్ ఫీజు ఎలా కట్టాలి: రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్, బ్యాంకు లోన్ పక్కపక్కన పెట్టి చూస్తే

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన వారం నుంచి మా ఇంటి అరుగు ఖాళీగా ఉండదు. మేముండేది ఖమ్మం, కోడలి పుట్టిల్లు జగ్గయ్యపేట. అందుకని రెండు రాష్ట్రాల ర్యాంకు కార్డులూ నా ముందుకే వస్తాయి. బ్యాంకులో చదువుల లోన్ల సీట్లో చాలాకాలం కూర్చుని రిటైరయ్యాను కాబట్టి ఏదో ఒక దారి చెబుతానని వాళ్ల నమ్మకం. "బాబాయ్, మావాడికి గవర్నమెంటు ఎంత ఇస్తుంది?" అంటూ మొదలుపెడతారు. దానికి జవాబు పది నిమిషాల పని. కులం, ఆదాయం, ర్యాంకు చూస్తే తేలిపోతుంది. అంత తేలిగ్గా తేలనివి మూడున్నాయి. ఆ డబ్బు ఏ నెలలో వస్తుంది? ఎవరి ఖాతాలో పడుతుంది? అది పడేదాకా కాలేజీకి ఎవరు కడతారు? నాలుగేళ్ల బీటెక్‌లో ఇళ్లు అప్పులపాలయ్యేది ఈ మూడింటి దగ్గరే. అందుకే నేను ఏ రెండు దారుల్ని పోల్చినా ఈ ప్రశ్నలతోనే పోలుస్తాను.

ముందు తహసీల్దారు కాగితం

ఆదాయ ధ్రువపత్రంలో ఉండే అంకెను బట్టి కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. తెలంగాణలో బీసీ, ఈబీసీ (అగ్రకులాల్లోని పేదలు) పిల్లలకు రీయింబర్స్‌మెంట్, అంటే కాలేజీ ఫీజు ప్రభుత్వం భరించడం, రావాలంటే కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ గీత 2.5 లక్షల దగ్గర ఉంది. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం వాటా ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ (పదో తరగతి తరవాతి చదువుల) స్కాలర్‌షిప్‌కూ 2.5 లక్షలే. ఇంటర్ మార్కుల మీద ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్‌కు, లోన్ మీద వడ్డీ మొత్తం మాఫీ అయ్యే పథకానికి 4.5 లక్షలు. ఆడపిల్లల ప్రగతి స్కాలర్‌షిప్‌కు, పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర లోన్ పథకంలో 3 శాతం వడ్డీ రాయితీకి 8 లక్షలు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మొదటి మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్లు "మాకు ఏదీ రాదు" అనుకుని వెనక్కి వెళ్లిపోతారు. ఊళ్లో ఉండి 1.7 లక్షల ఆదాయం చూపిన తెలంగాణ బీసీ కుటుంబానికి రీయింబర్స్‌మెంట్ పోతుంది గానీ పై మెట్లన్నీ తెరిచే ఉంటాయి. ఆ తలుపులు తట్టేవాళ్లు తక్కువ.

ఇంకో మాట. పథకం కోసం ఆదాయం లక్షా నలభై వేలని రాయించుకుని, అదే నెలలో బ్యాంకుకొచ్చి ఆరు లక్షల ఐటీ రిటర్ను పెట్టిన తండ్రుల్ని చూశాను. ఒకే ఇంటికి రెండు ఆదాయాలు! రెండు కాగితాలూ ఒకే పాన్, ఒకే ఆధార్ చుట్టూ తిరిగే రోజులివి. ఆ తెలివి వద్దు.

ఫీజు రీయింబర్స్‌మెంట్: తిరిగి కట్టక్కర్లేదు, కానీ ఎదురు చూడాలి

ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ పథకం పేర్లు మారుతూ రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. దరఖాస్తుకు తెలంగాణలో ఈపాస్ పోర్టల్, ఆంధ్రలో జ్ఞానభూమి. ట్యూషన్ ఫీజుకు ఒక భాగం, భోజన వసతి ఖర్చులకు ఒక భాగం ఇస్తారు. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో, సీటొచ్చినవాళ్లకే. కాలేజీయే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఎంత పేదవాళ్లయినా ఇది మర్చిపోవాల్సిందే. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు.

తెలంగాణలో ర్యాంకు పట్టింపు ఒకటుంది. బీసీ, ఈబీసీ విద్యార్థికి ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకొస్తే కాలేజీ ఫీజు మొత్తం ప్రభుత్వానిదే. ర్యాంకు అది దాటితే ఏడాదికి 35,000 మాత్రమే, మిగతాది ఇంటిమీద. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు గొడవ లేదు, పూర్తి ఫీజు వస్తుంది.

వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఈ 35,000 చుట్టూ లెక్క వేయకపోవడం నేను చూసిన పెద్ద పొరపాటు. ర్యాంకు ఇరవై ఎనిమిది వేలనుకోండి. ఒక కాలేజీ ఫీజు లక్షా ఇరవై వేలు, ఇంకోదాని ఫీజు అరవై వేలు. మొదటిదాంట్లో ఏటా 85,000, నాలుగేళ్లకు 3 లక్షల 40 వేలు మీ జేబులోంచి పోతాయి. రెండోదాంట్లో ఏటా పాతిక వేలు, నాలుగేళ్లకు లక్ష. తేడా 2 లక్షల 40 వేలు. ఆ తేడాకు తగ్గ ప్లేస్‌మెంట్లు, పాఠాలు మొదటి కాలేజీలో ఉన్నాయా అన్నది వేరే చర్చ. ఉంటే ఉండొచ్చు. కానీ రెండింటికీ "రీయింబర్స్‌మెంట్ వస్తుంది" అనే ఒక్క మాట చెప్పి రెండు కాలేజీలూ సమానమన్నట్టు ఆప్షన్లు పెట్టేస్తారు. పైగా హాస్టలు, బస్సు ఈ లెక్కలోనే లేవు.

ఇక ఎప్పుడొస్తుందన్న ప్రశ్న. ఇక్కడే ఈ పథకం బలహీనం. రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ ఉన్నా, బకాయిలు పేరుకుపోవడం మామూలయింది. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్‌కే దిగాయి. కాలేజీ, ప్రభుత్వం కొట్లాడుకుంటే నలిగేది పిల్లవాడు. చివరి సంవత్సరం అయిపోతుంది, ఉద్యోగంలో చేరడానికి ప్రొవిజనల్, మార్కుల మెమో కావాలి, "ఫీజు బాకీ ఉంది, కట్టి తీసుకెళ్లండి" అంటారు. మా వీధిలో ఒకాయన కొడుకు ఆఫర్ లెటర్ గడువు ముగియడానికి నాలుగు రోజుల ముందు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. ప్రభుత్వం డబ్బు తరవాత వచ్చింది, కాలేజీ తిప్పి తిప్పి ఇచ్చింది కూడా. ఆ మధ్యకాలం వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

డబ్బు ఎవరి చేతికన్నదీ చూసుకోవాలి. ఆంధ్రలో విద్యా దీవెన పేరుతో నడిచిన కాలంలో డబ్బు తల్లి ఖాతాలో పడేది, ఆమె కాలేజీకి కట్టాలి. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీ ఖాతాకు వేసే పద్ధతి మళ్లీ వచ్చింది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40 భరిస్తాయి. కేంద్రం వాటా విద్యార్థి ఖాతాలోనే వేయాలన్నది నిబంధన. డబ్బు ఖాతాలో కనబడగానే అది మన డబ్బనిపించడం సహజం. పంట పెట్టుబడి రోజుల్లో మరీను. అది కాలేజీ సొమ్మేనని గుర్తుపెట్టుకుని, అందిన వారంలోనే కట్టి రసీదు తీసుకోండి.

ఇన్ని చెప్పి కూడా, అర్హత ఉంటే దీన్నే మొదట పెట్టుకోమంటాను. తిరిగి కట్టక్కర్లేని డబ్బు ఎంత ఆలస్యమైనా దానం కిందే లెక్క. కాకపోతే ఒక ఏడాది ఫీజుకు సరిపడా ఊపిరి ఇంట్లో ఉంచుకోవాలి.

కేంద్రం స్కాలర్‌షిప్‌లు: రెండు పడవల మీద కాళ్లు కుదరవు

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చాలా కనబడతాయి. మన పిల్లలకు పనికొచ్చేవి రెండు చెబుతాను.

ఇంటర్ బోర్డు ఫలితాల్లో పై 20 పర్సెంటైల్‌లో ఉన్నవాళ్లకు సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. మొదటి మూడేళ్లు ఏటా 12,000, బీటెక్ నాలుగో ఏట 20,000. మొత్తం 56,000. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి, దానికి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. సగం ఆడపిల్లలకు. అయితే రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది కుదరదు. అందుకని 35,000 వచ్చే పిల్లవాడు 12,000 కోసం అప్లై చేయడం అనవసరం. ఆదాయం రెండున్నర దాటి నాలుగున్నరలోపు ఉన్న ఇళ్లకు, అంటే చిన్న కిరాణా కొట్టు, ప్రైవేటు స్కూలు టీచరు, ఆర్టీసీ అద్దె బస్సు డ్రైవరు, ఇలాంటి ఇళ్లకు చేసిపెట్టినట్టుంటుంది.

రెండోది ఏఐసీటీఈ (సాంకేతిక విద్య కాలేజీలకు ఆమోదం ఇచ్చే కేంద్ర సంస్థ) వారి ప్రగతి. ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కాలేజీలో డిగ్రీ లేదా డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరిన ఆడపిల్లకు ఏడాదికి 50,000. ఒక ఇంట్లో ఇద్దరికి వరకు ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు చాలు. దేశం మొత్తానికి డిగ్రీలో 5,000 మందికే కాబట్టి ఇంటర్ మార్కులు గట్టిగా ఉండాలి. వస్తుందని నమ్మి కాలేజీ ఎంచుకోకండి. వస్తే మాత్రం హాస్టలు ఫీజు గట్టెక్కుతుంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఇలాంటిదే సక్షమ్ ఉంది. దాని గురించి కాలేజీ ఆఫీసుల్లోనే చాలామందికి తెలీదు.

ఈ డబ్బు ఆలస్యమైనా ఇల్లు తలకిందులు కాదు. ఎందుకంటే దీన్ని నమ్ముకుని ఎవరూ సీటు తీసుకోరు, తీసుకోకూడదు కూడా.

బ్యాంకు లోన్: సమయానికొస్తుంది, కానీ పెరుగుతుంది

మన ఊళ్లలో చదువుకు అప్పంటే భయం, బంగారం తాకట్టంటే ధైర్యం. నా అనుభవంలో అది తలకిందులు.

బ్యాంకులన్నీ దాదాపుగా పాటించే నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు మార్జిన్ (మన చేతి నుంచి పెట్టే వాటా) లేదు. దానిపైన దేశంలో చదువుకు 5 శాతం మనం పెట్టుకోవాలి. 7.5 లక్షల వరకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ (అప్పు తీరకపోతే బ్యాంకుకు హామీ) ఉంటుంది, అందుకని తనఖా అడగాల్సిన పనిలేదు. అడిగే మేనేజర్లు ఇంకా ఉన్నారు. ఏ నిబంధన ప్రకారమో రాసిమ్మని మర్యాదగా అడగండి, సగం సార్లు ఆ మాటే చాలు. తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా కంతులు కట్టక్కర్లేదు. తరవాత పదిహేనేళ్ల వరకు గడువు దొరుకుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లలో 6 లక్షలు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం. చదువు నాలుగేళ్లు, ఆపై ఒక ఏడాది, మొత్తం అయిదేళ్లలో బారువడ్డీ 2 లక్షల 10 వేలు అవుతుంది. ఏమీ కట్టకుండా వదిలేస్తే అప్పు 8 లక్షల 10 వేలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700.

అదే వడ్డీని ఎప్పటికప్పుడు కడుతూ పోతే మొదటి ఏడాది నెలకు 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తరవాత 5,000. అప్పు ఆరు లక్షల దగ్గరే నిలబడుతుంది, కంతు సుమారు 7,930కి దిగుతుంది. పిల్లవాడి మొదటి జీతంలో ఆ 2,770 తేడా చిన్నదేం కాదు. మొదటి ఏడాది 1,250 అంటే ఒక చిన్న చీటీ కంతు. అలవాటు చేసుకుంటే చాలామంది కట్టగలరు.

ఇప్పుడు ఇందులోకి వడ్డీ రాయితీ తీసుకురండి. ఆదాయం 4.5 లక్షల లోపుండి, న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపున్న కాలేజీలోనో, ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపున్న కోర్సులోనో చేరితే, 10 లక్షల వరకు లోన్ మీద ఆ అయిదేళ్ల వడ్డీ కేంద్రమే కడుతుంది. అంటే పై లెక్కలో 2 లక్షల 10 వేలు మాఫీ. మధ్యలో చదువు మానేస్తే పోతుంది. ఈ ఒక్క కారణంతోనే నేను కాలేజీ గోడమీద ర్యాంకుల ఫ్లెక్సీ కంటే ముందు న్యాక్, ఎన్‌బీఏ కాగితాలు అడగమంటాను. ఎన్‌బీఏ కాలేజీకి కాదు, బ్రాంచికి ఇస్తారు. ఈసీఈకి ఉండి, కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచికి లేకపోవచ్చు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి ఇంకో రకం. ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం కాలేజీలకు ఇచ్చే) ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థలకే, మొదటి జాబితాలో 860. వాటిలో మెరిట్ మీద సీటొస్తే తనఖా లేదు, హామీదారు లేడు. ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు లోన్ మీద మారటోరియం (కంతులు కట్టక్కర్లేని) కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ, ఏటా లక్ష మందికి. మన లెక్కలో అది 63,000 ఆదా. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లకు ఈ రాయితీ రాదు. మన జిల్లాల్లోని చాలా ప్రైవేటు కాలేజీలు ఆ జాబితాలో లేవు. కాబట్టి పేపర్లో ప్రకటన చూసి పరుగెత్తే ముందు కాలేజీ పేరు వెతకండి.

లోన్‌కు అడ్డం పడేది ఆదాయం కంటే ఎక్కువగా సిబిల్, అంటే పాత అప్పులు ఎలా తీర్చామో చూపే స్కోరు. ఒక రైతు కూతురికి మంచి కాలేజీలో సీటొచ్చింది. ఆయనకు సొంతంగా ఒక్క రూపాయి బాకీ లేదు. ఎప్పుడో తోడల్లుడి ట్రాక్టరు లోన్‌కు హామీ సంతకం పెట్టాడు, తోడల్లుడు ఎగ్గొట్టాడు. అంతే, ఫైలు ఆగింది. చివరికి తల్లిని సహ రుణగ్రహీతగా పెట్టి నడిపించాం. పిల్లలు ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడే తల్లిదండ్రులిద్దరి సిబిల్ చూసుకుంటే ఇలాంటివి సర్దుకోవడానికి టైముంటుంది.

ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు చదువు లోన్ వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్లు మినహాయింపుంది. అది పాత పన్ను విధానంలోనే. కొత్తదాంట్లో ఉన్నవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంటి సర్దుబాట్లు

పది శాతం వడ్డీ అంటే మన పల్లె లెక్కలో నూటికి నెలకు 83 పైసలు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. ఈ మూడు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే చాలామంది మౌనంగా ఉండిపోతారు. బ్యాంకులో బంగారం మీద వడ్డీ చదువు లోన్‌కు దగ్గర్లోనే ఉంటుంది గానీ, వడ్డీతో సహా ఒకేసారి తీర్చే పద్ధతైతే అది ఏడాదిలో తీర్చాల్సిన అప్పు. నాలుగేళ్ల చదువుకు ఏడాది అప్పు పెడితే తిరగరాస్తూనే ఉంటారు. బంగారాన్ని రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైన మూడు నాలుగు నెలలు నెట్టుకురావడానికి దాచుకోండి. దానికదే సరైన వాడకం.

కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు సీటుతోపాటే "యాభై శాతం స్కాలర్‌షిప్" కాగితం చేతిలో పెడతాయి. అది నాలుగేళ్లకా, మొదటి ఏడాదికేనా? ఎంత సీజీపీఏ తగ్గితే పోతుంది? ట్యూషన్ మీదేనా, మొత్తం మీదా? మూడు జవాబులూ రాతలో తీసుకోండి. మూడు లక్షల ఫీజులో సగం మాఫీ అంటే ఇంకా లక్షన్నర కట్టాలన్నమాట.

ఐఐటీ, ఎన్ఐటీ సీటొచ్చినవాళ్లు నా అరుగు దాకా రానక్కర్లేదు. ఐఐటీ ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు, ఎన్ఐటీలో లక్షా పాతిక వేలు అని భయపడతారు గానీ ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు పూర్తి మాఫీ. ఏ కులమైనా ఆదాయం లక్ష లోపుంటే పూర్తిగా, 5 లక్షల లోపుంటే మూడింట రెండొంతులు మాఫీ. అడ్మిషన్ రోజుకు ఆదాయ పత్రం తాజాగా ఉంటే చాలు.

ఎవరికి ఏది చెబుతాను

పదివేల లోపు ర్యాంకున్న తెలంగాణ బీసీ పిల్లకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు: మంచి కాలేజీయే పెట్టుకోమంటాను, ఫీజు చూడొద్దంటాను. పక్కన ఒక ఏడాది ఫీజుకు బంగారమో డిపాజిట్టో ఉంచుకోమంటాను.

ర్యాంకు దాటి 35,000 మాత్రమే వచ్చేవాళ్లకు: ఫీజు తక్కువున్న యూనివర్సిటీ కాలేజీలు ముందు, ఆ తరవాత ప్రైవేటు. తేడా ఏటా ముప్ఫై వేల లోపుంటే ఇంట్లోనే సర్దుకోండి, అంతకు మించితే ఆ తేడాకు చిన్న బ్యాంకు లోన్ తీసుకోండి. వడ్డీ వ్యాపారి గడప తొక్కొద్దు.

రెండున్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్యనున్న ఇళ్లకు నేను నిస్సంకోచంగా లోనే చెబుతాను. రీయింబర్స్‌మెంట్ రాదని ఏడ్చే ఈ ఇళ్లకే పూర్తి వడ్డీ మాఫీ ఉంది. మొదటి ఏడాదే, మొదటి ఫీజుకే తీసుకోండి. మొదటి రెండేళ్లు చీటీలు పాడి, మూడో ఏట లోన్‌కొచ్చేవాళ్లకు పాత అప్పు తీర్చడానికి బ్యాంకు డబ్బివ్వదు.

మేనేజ్‌మెంట్ సీటుకు పొలం అమ్ముదామనుకునే ఇంటితో మాత్రం నేను గంటసేపు మాట్లాడతాను. చాలాసార్లు ఓడిపోతాను.

ఏ దారి పట్టినా ఒక చిన్న పని ఉంది. పిల్లవాడి ఆధార్ ఏ ఖాతాకు అనుసంధానమై ఉందో చూసుకోండి. ప్రభుత్వం డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాకే వెళ్తుందని లేదు, ఆధార్ చివరగా ముడిపడిన ఖాతాకు వెళ్తుంది. నిరుడు ఒకమ్మాయి స్కాలర్‌షిప్ రాలేదని రెండు నెలలు కాలేజీ చుట్టూ తిరిగింది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు వాళ్లు తెరిపించిన జీరో బ్యాలెన్స్ ఖాతాలో ఆ డబ్బు ఉంది. పాస్‌బుక్కు వాళ్లమ్మ బియ్యం డబ్బా వెనక దొరికింది.